ఐరాల బావిలో తేలిపోయిన లైటు

ఇది నీళ్ళ అడుగున జరిగిన కథ. లోతు, చీకటి, ఊపిరి బిగబట్టిన మనిషి, ఆయన చేతిలో ఒకే ఒక వెలుగు. ఆ వెలుగు ఆరిపోతే పైకి దారి యాడుందో తెలీని పరిస్థితి. గుండె గట్టిగా లేనివాళ్ళు ఇక్కడే ఆపేయండి.

గుండె గట్టిగా ఉండేవాళ్ళు కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నీళ్ళు ఉన్న మాట నిజమే, కానీ అది ఐరాల దగ్గర ఒక సేద్యపు బావి. చీకటి కూడా కొంచెం ఉండింది, మేము పోయిన పొద్దున మబ్బు పట్టింది కాబట్టి. మిగిలిన కథంతా తిరుపతిలో ఒక బ్యాటరీ అంగట్లో జరిగింది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు బయట నిలబడి మాట్లాడాల్సినంత అంగడి అది. కథలో నిజంగా లోతున్నది ఒక్కటే, నా కడుపుమంట.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అనుభవం చెప్పేవాడు తెల్లమీసాలతో ఉండాలంటారు. నాకింకా ముప్పై నిండలేదు. అయినా నేను రిటైరైనవాడినే. బ్యాటరీ సెల్లు చేత్తో పట్టుకుని వెల్డింగు పెట్టి చాలా కాలమైంది. ఇంత చిన్న వయసులో ఎట్ల రిటైరైనానో తెలిస్తే మీకు పనికిరావచ్చు, రాకపోవచ్చు.

మా ఓనరన్న అంగట్లో పనిచేసేవాళ్ళం ఇద్దరం. నేను, భాయ్. ఇద్దరం ఐటీఐ చదివినవాళ్ళమే. నాది సత్యవేడు, మా నాయన చెనిక్కాయలు పండిస్తాడు. భాయ్‌ది తిరుపతి పాతవీధి. వాళ్ళ నాయన ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవాడు. వేడి లోహం ఎంతసేపుంటే మెరుస్తుంది, ఎంతసేపుంటే కాలిపోతుంది అనేది వాళ్ళింట్లో అన్నం తిన్నట్టు నేర్చుకున్నారంట. ఈ మాట నాకు చెప్పింది భాయే. ఒకసారి కాదు.

మా పని చచ్చిన బ్యాటరీలను బతికించేది. ఎలక్ట్రిక్ స్కూటర్లవి, ఎమర్జెన్సీ లైట్లవి, భజన బృందాల స్పీకర్లవి. పాత ప్యాకు విప్పి, చెడిపోయిన సెల్లులు తీసేసి, మంచి లిథియం సెల్లులు పేర్చి, వాటిని నికెల్ పట్టీతో కలిపి స్పాట్ వెల్డింగు పెడతాము. మిషను కాలితో తొక్కితే చిటుక్కుమంటుంది, ఒక చుక్క పడుతుంది. భాయ్ పెట్టిన చుక్కలు ముగ్గులో చుక్కల మాదిరి ఉంటాయి. నావి అమ్మవారు పోసినట్టు ఉంటాయి. రెండింట్లోనూ కరెంటు ఒకటే మాదిరి పారుతుంది, ఈ మాట నేను ఎంతమందికి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు.

భాయ్ అణకువ గల మనిషి అనుకోవద్దు. ప్రతి ప్యాకు కట్టినాక దాన్ని గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురులో పెట్టి ఫోటో తీసి స్టేటస్ పెట్టుకునేవాడు. పెళ్ళికూతురికి కూడా అన్ని ఫోటోలు తీయరు. నేను ప్రతి స్టేటసూ చూసేవాణ్ణి. చూసినట్టు వాడికి తెలియకుండా ఫోన్లో సెట్టింగు మార్చుకున్నాను. ఇంతకంటే పెద్ద సాంకేతిక నైపుణ్యం ఆ అంగట్లో నేను చూపించింది లేదు.

ఆ రోజుల్లోనే ఓనరన్న ఒక మాట వదిలినాడు. చిత్తూరులో రెండో అంగడి తెరుస్తాడంట. మాలో ఒకరు పోయి దాన్ని చూసుకోవాల.

"ఎవరనేది ఇంకా అనుకోలే," అన్నాడు.

అనుకోకుండా ఆ మాట ఎందుకు చెప్పినాడో దేవుడికే తెలియాల. ఆ సాయంత్రమే నేను ఇంటికి ఫోన్ చేసినాను. మరుసటి రోజుకల్లా మా నాయన సత్యవేడులో టీ అంగడి దగ్గర "మావోడు చిత్తూరు అంగడికి మేనేజరు" అని చెప్పేసినాడు. నేనింకా ఏమీ కాలేదని చెబితే, "అయ్యేదే గదరా, ఇప్పుడు చెప్తే ఏమి, అప్పుడు చెప్తే ఏమి," అన్నాడు. ఇంక వెనక్కి పోయే దారి లేదు.

భాయ్‌కి కూడా చిత్తూరే కావాల. వాడి పెళ్ళాం చిత్తూరులో ఒక బళ్ళో టీచరు, బిడ్డతో వాళ్ళమ్మ ఇంట్లో ఉంటుంది. వీడు ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి సోమవారం పొద్దున తిరిగొస్తాడు. వాడికి నాకంటే మంచి కారణం ఉంది. అది కూడా నాకు కడుపుమంటే. కారణంలో కూడా వీడే ముందు.

ఇట్ల ఉండగా సూళ్లూరుపేట నుంచి ఒకాయన రెండు లైట్లు సంచిలో వేసుకుని వచ్చినాడు. యాభై దాటిన మనిషి. మాటల్లో అరవం కలుస్తా ఉండింది. నీళ్ళలో మునిగి పనిచేసేది ఆయన వృత్తి.

"డ్యాముల్లో గేటు కింద చెత్త తట్టుకుంటాది. బావుల్లో మోటార్లు తెగి పడిపోతాయి. పైన ఉండేవాళ్ళు సూస్తా నిలబడతారు. కిందికి పోయేది నేను," అన్నాడు.

ఆ లైట్లు ఆయన వయసులో ఉన్నప్పుడు ఓడల దగ్గర పనిచేస్తా కొనుక్కున్నవంట. పప్పుల డబ్బా అంత అల్యూమినియం డబ్బా, అందులో బ్యాటరీ, దాన్నుంచి ఒక వైరు, వైరు చివర లైటు. డబ్బా నడుముకు తగిలించుకుని లైటు చేత్తో పట్టుకుంటాడు. డబ్బా, లైటు రెండూ రాయి మాదిరి గట్టిగా ఉన్నాయి. లోపల సెల్లులు మాత్రం చచ్చి చాలా రోజులైంది. అట్లాంటి ప్యాకులు ఇప్పుడు ఎవరూ చేయరు.

"మీరు స్కూటర్లకు కడతారంటే వచ్చినాను. ఇది సరిగా కడితే ఇంకో పదేళ్ళు పనికొస్తాది. తప్పుగా కడితే నాకు పదేళ్ళు అక్కర్లేదు," అన్నాడు.

ఓనరన్న రెండు డబ్బాలూ మా ముందు పెట్టినాడు. "ఒకటి నువ్వు కట్టు. ఇంకోటి వాడు కడతాడు. ఎవరిది బాగుంటే..." అని ఫోన్ మోగితే బయటికి పోయినాడు. ఆ వాక్యం ఈరోజు వరకూ ఆయన పూర్తి చేయలేదు. మేమిద్దరం మాత్రం ఎవరికి వారు పూర్తి చేసుకున్నాము.

ఇక్కడ ఒక్క పేరా జోకులు లేకుండా చెబుతాను, వినండి. పాతవి నికెల్ సెల్లులు. వాటి చోట లిథియం పెట్టాలంటే బల్బుకు ఎంత వోల్టేజి కావాలో అంతే వచ్చేటట్టు పేర్చాల. ఎక్కువైనప్పుడు, తక్కువైనప్పుడు కరెంటు కట్టేసే రక్షణ బోర్డు తప్పకుండా పెట్టాల. పాత ఛార్జరును కస్టమరు చేతికి తిరిగి ఇవ్వకూడదు, అలవాటు కొద్దీ అదే పెట్టేస్తాడు. గాలి కూడా పోని డబ్బాలో లిథియం చెడిందంటే అది బ్యాటరీ కాదు, బాంబు. జోకులు లేని పేరా అయిపోయింది.

భాయ్ ప్యాకు ముందు అయిపోయింది. ఎప్పుడూ ముందే అవుతుంది. పాత ప్యాకు రోకలి అంత బరువుండేది. వీడు నీలం రంగు ప్లాస్టిక్ స్లీవు తొడిగి కట్టింది దాంట్లో సగం కూడా లేదు. డబ్బాలో మిగిలిన ఖాళీలో నురగ షీటు కత్తిరించి పెట్టి, కదలకుండా బిగించినాడు. డబ్బాను గుడ్డతో తుడిచి, ఫోటో తీసి, స్టేటస్ పెట్టి, అప్పుడు ఓనరన్న చేతికిచ్చినాడు.

"ఎంత తేలికో సూడన్నా. దూది మాదిరి ఉండాది."

ఓనరన్న దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. "ఏం చెయ్యి అబ్బా నీది," అన్నాడు. నా ఎదురుగానే అన్నాడు. నేను ఆ టైంలో స్క్రూ వెతుకుతా బల్ల కింద ఉన్నాను. స్క్రూ చేతిలోనే ఉంది. అయినా ఇంకాసేపు వెతికినాను.

పోటీలో చక్కదనంతో గెలవలేనని నాకు తెలుసు. కానీ నాకు కస్టమరు తెలుసు. మన పక్క ఇన్వర్టర్ బ్యాటరీ కొనేవాడు గ్యారంటీ కార్డు చదవడు. వంగి, ఎత్తి చూస్తాడు. నడుము పట్టేస్తే మంచి బ్యాటరీ. సులభంగా లేస్తే "లోపల ఏమీ లేదప్పా" అని పక్క అంగడికి పోతాడు. దూది మాదిరి ఉన్న డబ్బాను ఆ సూళ్లూరుపేట ఆయన ఎత్తితే ఏమనుకుంటాడు? అందుకని నేను పాత ఇన్వర్టర్ బ్యాటరీల్లో తీసేసిన సీసం ముక్కలు కొన్ని తీసుకుని, వాటికి కరెంటు పారని బార్లీ పేపర్ మందంగా చుట్టి, సెల్లులకు తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ బిళ్ళ వేసి, డబ్బా అడుగున బిగించినాను.

భాయ్ చూసినాడు. "ఏందబ్బా అది?"

"సీసం."

"దేనికి?"

"మర్యాదకి."

"బ్యాటరీకా, నీకా?"

నేను మూత స్క్రూలు బిగించుకున్నాను. మంచి మాట వాడికి కూడా పడిందే అని అదో మంట.

ఓనరన్న అత్తగారిది ఐరాల. వాళ్ళ చేన్లో పెద్ద బావి ఉంది. ఆ ఏడు వానలకు నిండా నీళ్ళున్నాయి. డ్యాములో దిగే ముందు నిలిచిన నీళ్ళలో ఒకసారి చూసుకోవాలని సూళ్లూరుపేట ఆయన అడిగితే, ఆదివారం పొద్దున వ్యానులో నలుగురం బయలుదేరినాము. దోవలో కాణిపాకంలో ఆగి వినాయకుడికి దండం పెట్టుకున్నాము. ఆ స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే ఏమవుతుందో మా జిల్లాలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పే పనిలేదు. మిగిలినవాళ్ళకు చెప్పాలంటే, ఆయన వదిలిపెట్టడు. ఈ విషయం తర్వాత అవసరం పడుతుంది.

మేము బావి గట్టు మీద సామాన్లు దింపుతుంటే ఓనరన్న అత్త చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"బాయిలో ఏం పడింది నాయనా?" అని సూళ్లూరుపేట ఆయన్ని అడిగింది.

"ఏం పడలేదమ్మా."

"మరి ఎందుకు దిగతా ఉండావు?"

నాకు ఆ ముసలామె బాగా నచ్చింది.

ముందు భాయ్ డబ్బా నడుముకు తగిలించుకుని, సిలిండరు వీపుకు కట్టుకుని ఆయన దిగినాడు. నీళ్ళ కింద పచ్చటి వెలుగు కదులుతా పోయింది. బావి గోడల్లోని రాళ్ళు ఒక్కొక్కటే కనబడి మాయమైపోతున్నాయి. ఎంత బాగుండిందంటే భాయ్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టినాడు. ఓనరన్న వాడి భుజం మీద చెయ్యేసినాడు. చిత్తూరు అంగడి నా చేతిలోంచి జారిపోయేది నాకు స్పష్టంగా కనబడింది, ఆ లైటు వెలుగులోనే.

కాసేపటికి వెలుగు పైకి రావడం మొదలుపెట్టింది. పని అయిపోయి ఆయన వస్తున్నాడనుకున్నాము. వచ్చింది ఆయన కాదు. డబ్బా బుడుక్కున నీళ్ళ మీదికొచ్చి, వైరు చివర వేలాడుతున్న లైటుతో కిందికి వెలుగు కొడతా, హాయిగా అటూ ఇటూ ఊగుతా తేలింది. మనిషి ఇంకా కిందే ఉన్నాడు, చీకట్లో.

భాయ్ వీడియో ఇంకా నడుస్తానే ఉంది.

ఆయన తడుముకుంటా పైకొచ్చి, నోట్లో గొట్టం తీసేసి, మెట్టు పట్టుకుని మా వైపు చూసినాడు. "ఇది లైటా, బెండా? ఈత నేర్చుకునే పిల్లోళ్ళ నడుముకు కట్టండి, రొంబ బాగుంటాది."

"ఏమైందన్నా?" అన్నాడు ఓనరన్న.

"పాతది బరువు. పెట్టినచోట ఉండేది. కింద నాకు రెండు చేతులూ కావాల గదా. నడుముకున్న కొక్కెం తీసి డబ్బా, లైటు పక్కన పెడితే, అది నాతో చెప్పకుండా ఊరికి పోయింది."

మా ముగ్గురికీ ఒక్కసారే తెలిసింది. స్కూటరుకు, స్పీకరుకు, దేనికైనా బ్యాటరీ ఎంత తేలికైతే అంత గొప్ప. నీళ్ళలో ఆ గొప్ప పైకి తేలుతుందని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మేము నీళ్ళను చూసేదే డిస్టిల్డ్ వాటరు బాటిల్లో. డబ్బా అంతే ఉంది, బరువు సగమైపోయింది, తేలక ఏం చేస్తుంది.

నేను చాలా బాధగా మొహం పెట్టినాను. అద్దం లేదు కాబట్టి ఎంతవరకు కుదిరిందో చెప్పలేను. లోపల మాత్రం తిరుమల గుడిలో గంటలన్నీ ఒకేసారి మోగుతున్నాయి.

తర్వాత నా డబ్బా దిగింది. దిగింది అంటే నిజంగానే దిగింది. ఆయన అడుగున పెట్టినచోట పెట్టినట్టే కూర్చుంది. ఆయన దాని వెలుతురులో గోడ రాళ్ళన్నీ చూసుకుని, అడుగున ఎప్పుడో పడిన పాత బకెట్టు ఒకటి కూడా తీసుకుని పైకొచ్చినాడు. ముసలామె బకెట్టును గుర్తుపట్టింది. ఆ పొద్దున లాభపడింది ఆమె ఒక్కతే.

"ఇదీ లైటంటే. ఎవరు కట్టింది?" అన్నాడు.

"నేనే," అన్నాను. ఆ 'నేనే'లో సత్యవేడు టీ అంగడి మొత్తం ఉంది.

"బరువు లెక్క ఎట్ల కట్టినావు?"

అందరూ నా వైపు చూస్తున్నారు. చెప్పడానికి నా దగ్గర మంచి మంచి పదాలున్నాయి. సాంద్రత అనొచ్చు, ఘనపరిమాణం అనొచ్చు. కానీ నుదుటి మీద కాణిపాకం కుంకుమ ఇంకా ఆరలేదు.

"లెక్కేం లేదన్నా. నువ్వు ఎత్తి చూస్తావని పెట్టినాను," అన్నాను.

ముందు ముసలామె నవ్వింది. తర్వాత ఓనరన్న. సూళ్లూరుపేట ఆయన నవ్వితే పట్టు జారి మళ్ళీ నీళ్ళలో పడినాడు. నేను కూడా నవ్వినాను, నష్టంలో భాగం పంచుకున్నట్టు.

భాయ్ ఒక్కడే నవ్వలేదు. వాడు మోటారు రూములోకి పోయి తుప్పు పట్టిన నట్లు, వాషర్లు దోసిట్లో తెచ్చినాడు. పశువుల తొట్టి దగ్గర కూర్చుని, తన డబ్బాను నీళ్ళలో వేసి, బయటి వైపు కట్టుకమ్మితో ఒక్కో నట్టు కట్టడం మొదలుపెట్టినాడు. డబ్బా తేలింది. ఇంకోటి కట్టినాడు. కొంచెం తేలింది. ఇంకోటి. మునిగింది. నట్టు తీసి చిన్న వాషరు కట్టినాడు. అటు తల వాలితే ఇటు జరిపినాడు. ఆవు ఒకటి వచ్చి నీళ్ళు తాగబోతే మోచేత్తో తోసినాడు, తల ఎత్తకుండానే.

"చాల్లే భాయ్, తిరుపతిలో చేసుకుందాము," అన్నాను. నాకు తొందర పుట్టింది. ఆ తొందర ఎందుకో మీకు అర్థమై ఉంటుంది.

"గమ్మునుండు," అన్నాడు.

చివరికి డబ్బాను తొట్టి మధ్యలో వదిలి చెయ్యి తీసేసినాడు. అది పైకీ రాలేదు, కిందికీ పోలేదు. నీళ్ళ మధ్యలో, అడ్డంగా, ఎవరో కనబడని మనిషి పట్టుకున్నట్టు అట్లే నిలబడింది. వేలితో నెడితే నెట్టినంత దూరం పోయి ఆగింది.

సూళ్లూరుపేట ఆయన దాన్ని తీసుకుని మళ్ళీ బావిలోకి పోయినాడు. ఈసారి చాలాసేపు రాలేదు. వచ్చినాక మెట్టు మీద కూర్చుని మజ్జిగ తాగి, అప్పుడు మాట్లాడినాడు.

"కొన్నప్పుడు కూడా ఇది ఇట్ల లేదు. అప్పుడు కిందికి గుంజేది. ఇప్పుడు నడుముకు ఉన్నట్టే తెలీలే." తర్వాత నా డబ్బా వైపు వేలు చూపించి భాయ్‌తో అన్నాడు, "దీన్ని కూడా అట్లే చెయ్యి, తంబీ."

నా సీసం. నా ఆలోచన. లెక్క లేకపోయినా నాదే. అది వాడి చేతిలో పడేసరికి విద్య అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు చిత్తూరులో టీకి ఆగినాము. భాయ్ అక్కడే దిగి అత్తగారింటికి పోవాల. సూళ్లూరుపేట ఆయన వ్యానులోనే నిద్రపోయినాడు. ఓనరన్న టీ గ్లాసు ఊదుకుంటా, వాన వచ్చేటట్టుంది అన్నంత మామూలుగా నాతో అన్నాడు:

"చిత్తూరు అంగడికి నువ్వు పో."

నేను గెలిచినాను. ఆ సంతోషం ఒక గుక్క టీ అంతసేపు ఉంది.

"అన్నా, నా ఇల్లు ఈడే గదా," అన్నాడు భాయ్. వాడు తనకోసం ఏదైనా అడగడం నేను విన్నది అదే మొదటిసారి.

"తెలుసు అబ్బా. నిన్ను ఈడికి పంపిస్తే ఆడ కట్టేదెవరు? వీడా?" ఓనరన్న నా వైపు చూడకుండానే నన్ను చూపించినాడు. "ఈడ అమ్మేది ఇన్వర్టర్లే. దానికి చెయ్యి అక్కర్లే, నోరుంటే చాలు. వీడికి నోరుండాది. బరువు పెడితే జనం కొంటారని తెలిసినోడు వీడే."

అట్ల నేను మేనేజరు అయినాను. పనికొచ్చేవాణ్ణి దగ్గర పెట్టుకుని, లేకపోయినా జరిగేవాణ్ణి దూరం పంపినారు. దూరం పోయినవాడి చేతికి తాళాలిచ్చి దాన్ని ప్రమోషను అన్నారు. సత్యవేడులో మా నాయనకు ఈ తేడా నేను చెప్పలేదు. ఆయన చెప్పింది నిజమైంది, ఆయనకు అంతే కావాల.

బస్టాండు వైపు నడుస్తా భాయ్ నాతో, "నీ నోరు నాకుండింటే నా బిడ్డను రోజూ చూసుకునేవాణ్ణి," అన్నాడు.

అంతకాలం నేను ఒక్కడినే కుళ్ళుకుంటున్నాననుకున్నాను. వాడు కూడా నన్ను చూసి కుళ్ళుకోవచ్చనే సంగతి తట్టలేదు. నాలో కుళ్ళుకునేంతది ఒకటుందని తెలిసి గర్వపడాల్సిందే. కానీ ఆ ఒక్కటి నా నోరు అయింది.

ఇక్కడ నా మనసు కరిగి, ఓనరన్న దగ్గరికి పోయి "అంగడి వాడికివ్వన్నా" అన్నానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. కరగలేదు. కరిగినా మా నాయన సత్యవేడులో తల ఎత్తుకోవాల గదా.

ఇప్పుడు చిత్తూరు అంగట్లో నాకు తిరిగే కుర్చీ ఉంది. ఆదివారాల్లో భాయ్ బిడ్డను ఎత్తుకుని వస్తాడు. బిడ్డ కుర్చీలో కూర్చుంటుంది, వాడు తిప్పుతాడు. తిప్పుతా తిప్పుతా అంగడంతా ఒకసారి చూస్తాడు. నేను చూడనట్టు ఉంటాను. వాడు పోయినాక వాడి స్టేటస్ చూస్తాను. సూళ్లూరుపేట ఆయన తన స్నేహితుల లైట్లు కూడా వాడికే పంపిస్తున్నాడు. నీళ్ళ తొట్టిలో పైకీ కిందికీ పోకుండా నిలబడిన డబ్బాల ఫోటోలు వరసగా వస్తాయి. చూసినట్టు వాడికి ఇప్పటికీ తెలియదు.

నా దగ్గరికి నీళ్ళలో మునిగేవాడు ఒక్కడు కూడా రాలేదు. వచ్చేవాళ్ళంతా ఎండిపోయిన ఇన్వర్టర్ బ్యాటరీలు తెచ్చేవాళ్ళే. వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. బ్యాటరీలో నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాల, పై గీత దాటకుండా. బోరు నీళ్ళు పోస్తే ప్లేట్లు పాడైపోతాయి.